చప్పట్లు విడిచిన చేతులు



పియానో వాద్యమున ఐరోపానంతటిని ఉఱ్ఱూతలూపిన ఫ్రాంజ్ లిస్ట్ 1811లో నాటి హంగేరి రాజ్యములోని రైడింగ్ గ్రామమున జన్మించెను. 1838లో డాన్యూబ్ వరద పెస్ట్ నగరమును ముంచగా, వియన్నాలో కచేరీలు చేసి బాధితులకు సొమ్ము పంపెను. ముప్పదియైదేండ్లకే, కీర్తి శిఖరముననుండగానే, 1847లో సొంత రాబడికై వాయించుట మానెను. వైమార్‌లో ఇతరుల కృతులకు వేదికనిచ్చెను. 1850లో వాగ్నర్ ‘లోహెన్‌గ్రిన్’ను తొలిసారి ప్రదర్శింపజేసెను. తరువాతి కాలమున శిష్యులకు రుసుము లేకనే నేర్పెను. 1865లో చిన్న గురుపట్టములు పొందెను. 1886లో మరణించెను.

ఆయన బ్రతుకు నిష్కళంకమని మేము చెప్పము. అయితే చప్పట్లు మ్రోగుచుండగా వేదిక దిగుట ఎంత కష్టమో, ప్రతి ఆదివారము ప్రసంగ వేదికనెక్కు మాకు బాగుగ తెలియును. నేర్చిన విద్యను పదిమందికి పంచినవాడు ధన్యుడు.