మొండోడని పేరు పెట్టకుండ్రి



ఈ కోట్‌పల్లి వాడల ఇయ్యాల మనం కూసున్నది మన పిల్లల కోసం. తొమ్మిది, పది చదివే పిల్లగాడు బెంచీ గుద్దితే, సారుకు ఎదురు మాట్లాడితే మొండోడంటున్నరు. పొద్దుగాల కందిచేన్ల పనిచేసి, తినకుంటనే బడికొచ్చిండని ఎవరడిగిండ్రు? కులం పేరు తీసి ఎవరన్న నవ్విండ్రా? ఇంట్ల తాగుడు లొల్లికి నిద్ర లేదా? భయం, అవమానం లోపల పేరుకుంటే గుండె దడదడలాడుతది, పాఠం చెవికెక్కదు, నోరు దురుసైతది.

దెబ్బతో ఇది తగ్గదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్నీ, మానసిక వేధింపునూ నిషేధించింది. మరి ఇంట్ల మనం కొట్టేదో? అదీ ఆపాలె. పదిమందిల నిలబెట్టకుండ్రి. పక్కకు పిలిచి, నీళ్లిచ్చి, ఊపిరి నిమ్మళమైనంక అడుగుండ్రి. చెప్తుంటే నడుమ తెంపకుండ్రి. పరీక్షలని ఆట, నిద్ర బంద్ పెట్టొద్దు.

2019ల ఇంటర్ ఫలితాలొచ్చినంక తెలంగాణల 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నరు. చావాలనుందని పిల్ల అంటే ఉత్తమాట అనుకోవద్దు, ఒంటరిగ ఇడ్వొద్దు. 14416కు ఫోన్ కొడితే రాత్రైనా పగలైనా తెలుగుల మాట్లాడుతరు, పైసలు తీసుకోరు.

వచ్చే తల్లిదండ్రుల మీటింగ్‌కు కూలి పోయినా సరే, అందరం పోదాం. ఎనకబెంచీల మనోళ్లెందరున్నరో చూసొద్దాం.