ఒకే సాధనం – అనేక ప్రయోజనాలు
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఒక పనికి ఒక పనిముట్టు మేలా, అన్ని పనులకూ ఒకే పనిముట్టు మేలా? సెల్‌ఫోను వచ్చిన తరువాత ఈ ప్రశ్న ఇంటింటా తలెత్తింది. గనుల చరిత్రలో మాత్రం ఇది పాత ప్రశ్నే.

1815లో సర్ హంఫ్రీ డేవీ బొగ్గుగనుల కోసం రూపొందించిన దీపం రెండు పనులు చేసేది. వెలుగునిచ్చేది, మండే వాయువు చేరితే జ్వాలపై నీలికాంతి చూపి, ప్రాణవాయువు తగ్గితే మసకబారి, కార్మికుని హెచ్చరించేది. తరువాత టోపీకి అమర్చిన విద్యుద్దీపం వచ్చింది. నడుమున బ్యాటరీ, తలపై వెలుగు; చేతులు రెండూ ఖాళీ. కాని అది వెలుగు మాత్రమే ఇస్తుంది, గాలి సంగతి చెప్పదు. గాలిని పరీక్షించడానికి వేరొక సాధనం అవసరమైంది. కోలారులోని ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతుకు సాగింది. అంతటి లోతున ఏ సాధనం ఏ పని చేస్తుందో, ఏది చేయదో తెలిసి ఉండటం ప్రాణరక్షణకు సంబంధించిన విషయం.

సెల్‌ఫోనులో గడియారం, టార్చి, రేడియో, కెమెరా, నిఘంటువు, క్యాలిక్యులేటరు అన్నీ ఇమిడిపోయాయి. ఇన్ని వస్తువులు విడివిడిగా కొనలేని కుటుంబానికి అది వరమే. దానిని నిందించడం కృతఘ్నత. అయితే ఇక్కడొక లెక్క ఉంది. ఆరు వస్తువులుంటే ఆరుగురు ఏకకాలంలో వాడుకోగలరు. ఆరు పనులు చేసే వస్తువు ఒక్కటే ఉంటే, ఒక్కరే వాడుకోగలరు.

2020లో కోవిడ్ వల్ల బడులు మూతపడి, పాఠాలు ఫోనులోకి వచ్చినప్పుడు ఈ లెక్క ఎన్నో ఇళ్ళకు అనుభవమైంది. ఇంట ఒకే ఫోను. అన్నకూ చెల్లెలికీ ఒకే వేళకు తరగతి. ఎవరు చదవాలి, ఎవరు మానాలి? ఆ ప్రశ్న ఎదురైనప్పుడు ఆడపిల్లే వెనుకకు తగ్గిన ఇళ్ళు లేకపోలేదు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత, పని కోసం మారికుప్పం నుండి బెంగళూరు రైలెక్కేవారు ఎందరో. తండ్రి వేకువనే ఫోనుతో బయలుదేరితే, గడియారమూ నిఘంటువూ టార్చీ ఆయన జేబులోనే వెళ్ళిపోతాయి. ఒకప్పుడు గని సైరను మోగితే ఊరందరికీ వేళ తెలిసేది. అది చేసేది ఒక్క పనే. కాని అందరికీ చేసేది.

కనుక ఫోను ఉండవలసిందే. దానితోపాటు గోడకొక గడియారం, పిల్లల చేతికందే చోట ఒక నిఘంటువు, ఒక టార్చి ప్రతి ఇంటా ఉండాలి. పాఠశాలకు కానుక ఇవ్వదలచిన పూర్వవిద్యార్థులు గ్రంథాలయానికి తెలుగు, కన్నడ నిఘంటువులు కొన్ని ఇవ్వగలిగితే, ఇంట ఫోను లేని బిడ్డకు కూడా తెలియని మాటకు అర్థం దొరుకుతుంది. ఈ జూబిలీకి అంతకు మించిన జ్ఞాపిక ఉండబోదు.