పాత కారు, ఇంజను లైటు

మా కమలనగర్ నుంచి ఉద్గీర్ వైపు గానీ, భాల్కి వైపు గానీ వెళ్లే రోడ్డు పక్కన కాసేపు నిలబడితే, ఇరవై ఏళ్లు దాటిన మారుతి 800లు ఇంకా కనబడతాయి. 1983 డిసెంబరులో తొలి బండి రోడ్డెక్కింది. 2014 జనవరిలో తయారీ ఆగింది. బండ్లు మాత్రం ఆగలేదు. మా వైపు వాటిని సరదాకు ఎవరూ పెట్టుకోలేదు. కందుల మూటలు, పెళ్లివారు, అర్ధరాత్రి నొప్పులు వచ్చిన కోడలు, అందరూ ఎక్కేది అదే బండి. అది దారిలో ఆగితే నష్టపోయేది కారు యజమాని ఒక్కడే కాదు. అందుకని ఈ రోజు మీతో ఆ కారులోని కరెంటు జబ్బుల గురించి మాట్లాడదలచుకున్నాను.

మారుతి 800 అన్న పేరు ఒకటే గానీ, లోపల బండ్లు రెండు రకాలు. పాతవాటిలో కార్బురేటరు ఉండేది. 2000 ప్రాంతం నుంచి ఎంపీఎఫ్ఐ వచ్చింది, అంటే పెట్రోలును ఇంజెక్టర్ల ద్వారా కొలిచి చిమ్మే పద్ధతి. ప్రపంచంలో ఇది మరీ కొత్తదేమీ కాదు. ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌ను 1967లోనే బాష్ కంపెనీ ఫోక్స్‌వాగన్ కార్లకు అమర్చింది. కార్బురేటరు బండికి మిస్త్రీ చెవి సరిపోయేది. ఎంపీఎఫ్ఐ బండికి చెవితో పాటు మీటరు కూడా కావాలి.

ఈ బండిలో ఈసీఎం అనే చిన్న పెట్టె ఉంటుంది. గాలి ఎంత వస్తోంది, నీళ్లు ఎంత వేడెక్కాయి, యాక్సిలరేటరు ఎంత తొక్కారు అన్నది సెన్సార్లు దానికి చెబుతాయి. అది లెక్క కట్టి పెట్రోలు చిమ్మిస్తుంది. ఒక్క మాట గుర్తుంచుకోండి. ఆ పెట్టెకు ఇంజను కనబడదు. వైర్ల మీద వచ్చే వోల్టేజీ ఒక్కటే దానికి తెలుసు. వైరు తప్పు చెబితే అది తప్పు లెక్క కడుతుంది.

నీళ్ల వేడిని కొలిచే సెన్సార్‌నే తీసుకోండి. ఈసీఎం దానికి 5 వోల్టులు పంపుతుంది. వేడి పెరిగేకొద్దీ సెన్సార్ నిరోధం తగ్గుతుంది, వోల్టేజీ పడిపోతుంది. ఆ వైరు తెగిందనుకోండి. వోల్టేజీ 5 దగ్గరే నిలిచిపోతుంది. ఈసీఎం ఇంజను మంచులో ఉందనుకుని, మే నెల ఎండలో కూడా పెట్రోలు ఎక్కువ చిమ్మవచ్చు. అప్పుడు నల్ల పొగ వస్తుంది, మైలేజీ పడిపోతుంది. మనం ప్లగ్గులు మారుస్తాం, పెట్రోలు బంకును తిడతాం. పరీక్ష మాత్రం చాలా తేలిక. సెన్సార్ కప్లర్ ఊడదీసి, తాళం ఆన్ చేసి, కప్లర్‌లోని రెండు పిన్నుల మధ్య మీటరు పెట్టండి. 5 వోల్టులకు దగ్గరగా చూపిస్తే ఈసీఎం, వైర్లు చాలావరకు మంచివే, అనుమానం సెన్సార్ మీదకు వెళ్లాలి. సెన్సార్‌ను విప్పి వేడినీళ్ల గిన్నెలో ముంచి నిరోధం కొలవండి. మామూలు గది వేడిలో రెండు వేల ఓములకు పైబడి ఉండేది, 80 డిగ్రీల నీళ్లలో సుమారు మూడు వందలకు దిగాలి. తొమ్మిదో తరగతి పిల్లలు కూడా చేయగలిగిన ప్రయోగం ఇది.

ఇక మీటరు బోర్డులో వెలిగే పసుపు రంగు ఇంజను లైటు సంగతి. తాళం ఆన్ చేయగానే అది వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే సంతోషించకండి. బల్బు పోయి ఉండాలి, లేదా ఈసీఎంకు కరెంటే అందడం లేదు. ఆరకుండా వెలుగుతూనే ఉంటే ఈసీఎం ఒక కోడ్ దాచుకున్నదని అర్థం. ఇప్పుడు బజారులో దొరికే చౌక స్కానర్లు ఓబీడీ పద్ధతి బండ్లకు. అమెరికాలో అది 1996లో తప్పనిసరి అయింది, మన దేశంలో నియమంగా వచ్చింది 2010 తరువాత. 2003 నాటి బండికి ఆ స్కానర్ తగిలించి, ఏమీ చూపించలేదు గనుక ఏ లోపమూ లేదనుకోకూడదు. ఆనాటి సుజుకి పద్ధతి బండ్లు చాలావాటిలో, సర్వీసు పుస్తకంలో చెప్పిన పిన్నును ఎర్తు చేస్తే ఇంజను లైటే కన్ను కొట్టి కోడ్ చెబుతుంది. ఒకసారి వెలిగి, కాస్త ఆగి, రెండుసార్లు వెలిగితే 12. లోపం ఏదీ నమోదు కాలేదని దాని అర్థం. పుస్తకం లేకుండా తోచిన పిన్నును ఎర్తు చేయకండి.

అయితే కోడ్ సెన్సార్ పేరు చెబుతుంది గానీ, సెన్సార్ చెడిందని చెప్పదు. మా తోటి ఉపాధ్యాయుడి బండి ఒకటి వర్షాకాలంలో గతుకుల మీద ఉన్నట్టుండి ఆగేది. ఒకేసారి మూడు సెన్సార్ల కోడ్లు వచ్చాయి. ఒక గ్యారేజీలో ఈసీఎం పోయిందని, మార్చాలని తేల్చారు. ఆ ధర పెడితే పాత బండి విలువలో పెద్ద భాగం పోతుంది. బడిలో ఒకే ఊరి పిల్లలు ముగ్గురు ఒకే రోజు రాకపోతే ముగ్గురికీ జ్వరం అనుకోం, బస్సు రాలేదేమో అనుకుంటాం. ఇక్కడ ఆ బస్సు ఎర్తు వైరు. ఈసీఎం ఎర్తు వైరుకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య, ఇంజను నడుస్తుండగా, మీటరు పెడితే 0.9 వోల్టు చూపించింది. 0.1 దాటకూడదు. ఇంజను మీద బిగించిన ఎర్తు కన్ను కింద చిలుము పట్టి ఉంది. గరుకు కాగితంతో రుద్ది, బిగించారు. అంతటితో ఆగడం మానింది.

అంతకు ముందు ఆ గ్యారేజీలో అదే వైరును మీటరు బీప్‌తో చూసి, బాగానే ఉందన్నారట. ఆ బీప్‌కు చాలా కొద్ది కరెంటు చాలు. బావి తాడులో ఒక్క పురి మిగిలినా ఖాళీ బొక్కెనను మోస్తుంది, నీళ్లు నిండాకే దాని పస తెలుస్తుంది. అందుకే వైరును బరువు మీద, అంటే ఇంజను నడుస్తుండగా, వోల్టేజీతో కొలవాలి.

కాబట్టి మొదట బ్యాటరీ. ఇంజను ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులకు దగ్గరగా, నడిచేటప్పుడు సుమారు 13.8 నుంచి 14.4 దాకా ఉండాలి. ఆ తరువాత ఫ్యూజులు, మెయిన్ రిలే, ఎర్తులు, కప్లర్లు. గడ్డి కొట్టం పక్కన నిలిపే బండిలో ఎలుకలు కొరికిన వైర్లు కూడా చూడండి. ఇవన్నీ అయ్యాకే సెన్సార్లు, అన్నిటికన్నా ఆఖరున ఈసీఎం.

డైనమో పనిచేస్తోందో లేదో చూడడానికి ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకడం పాత మిస్త్రీల అలవాటు. ఎంపీఎఫ్ఐ బండికి అది ప్రాణాంతకం, వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి ఈసీఎం కాలిపోవచ్చు. బల్బు టెస్ట్ ల్యాంపు కూడా ఈసీఎం వైర్ల మీద వద్దు, డిజిటల్ మీటరే వాడాలి. ఈసీఎం ప్లగ్గు తీసే ముందు తాళం ఆపి, బ్యాటరీ తీగ తీయండి. కాని అలా తీస్తే దాచుకున్న కోడ్లు చెరిగిపోవచ్చు, ముందే కాగితం మీద రాసుకోండి.

అప్పుడప్పుడు మాత్రమే కనబడే లోపం అన్నిటికన్నా మొండిది. గ్యారేజీకి తీసుకెళ్లగానే బండి బుద్ధిగా నడుస్తుంది. డ్యాష్‌బోర్డు పెట్టెలో చిన్న నోటుబుక్కు ఉంచండి. బండి ఆగినప్పుడు ఇంజను చల్లగా ఉందా వేడిగా ఉందా, వాన పడుతోందా, లైట్లు వేసి ఉన్నాయా, ఎంతసేపటికి మళ్లీ స్టార్ట్ అయిందో రాయండి. తరువాత తీరిక రోజున న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంజనును నెమ్మదిగా తిరగనిచ్చి, ఫ్యాను, బెల్టుల దగ్గరికి చేయి పోకుండా, ఒక్కొక్క కప్లర్‌ను మెల్లగా కదపండి. ఏ కప్లర్ దగ్గర ఇంజను తడబడిందో దానికి రంగు దారం కట్టి, ఇంజను ఆపి, ఆ నోటుబుక్కుతో సహా మిస్త్రీకి చూపించండి.