కుట్లు విప్పిన తర్వాత



ఈ ధర్మనిధి ఏ నర్సు పేరు మీద ఉందో, ఆవిడను మేమెవరమూ పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు. డాక్టర్లకూ, రోగులకూ, గేటు దగ్గర వాచ్‌మన్‌కూ సిస్టరమ్మే. ఆవిడ పేరు మీద మాట్లాడమని పిలిచినప్పుడు ఏ పెద్ద విషయమూ తోచలేదు. ఒక రాత్రి గుర్తొచ్చింది. అది నాకు గౌరవం తెచ్చే రాత్రి కాదు.

నేను అప్పుడు కోస్తాలో ఒక ప్రభుత్వాసుపత్రిలో హౌస్ సర్జన్‌ని. అర్ధరాత్రి దాటాక పదిహేడేళ్ల పిల్లను తీసుకొచ్చారు. చేతికి గాయం. కూరగాయలు తరుగుతుంటే తెగిందని తల్లి చెప్పింది. అర్ధరాత్రి ఏం కూరగాయలమ్మా అని డ్యూటీ డాక్టరు నవ్వాడు. ‘తనే చేసుకుంది కదా, మత్తు సూది దేనికి? నొప్పి తెలిస్తే మళ్లీ చేసుకోదు, కుట్టెయ్’ అన్నాడు నాతో. నేను సూదీ దారమూ అందుకున్నాను. ఆయన మాట తప్పని అప్పుడు నాకు అనిపించలేదు, ఆ సంగతి కూడా చెప్పాలి. సిస్టరమ్మ ఏమీ అనలేదు. మత్తుమందు నింపిన సిరంజి నా చేతిలో పెట్టి, ‘ముందు ఇది’ అంది.

ఎనిమిదో రోజు ఆ పిల్ల కుట్లు విప్పించుకోవడానికి వచ్చింది. పని అయిదు నిమిషాల్లో అయిపోయింది. సిస్టరమ్మ ఆ పిల్లను స్టూలు మీద కూర్చోబెట్టి, తన ఫ్లాస్కులోంచి కాఫీ పోసి, ‘నిద్ర పడుతోందా అమ్మా?’ అని అడిగింది. ఎందుకు చేశావని అడగలేదు. వెళ్లేటప్పుడు ఒక చిన్న నోటుపుస్తకంలో తేదీ రాసుకుని, ‘వచ్చే గురువారం రా, గాయం చూడాలి’ అంది. ఆ గాయంలో చూడాల్సిందేమీ మిగల్లేదు. ఆ సంగతి నాకెంత తెలుసో ఆవిడకూ అంతే తెలుసు.

ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ గురువారం గురించే.

తమను తాము గాయపరచుకునే వాళ్లందరూ చావాలనుకునే చేయరు. కొందరికి ఆ క్షణంలో లోపలి బాధ భరించడానికి వేరే దారి కనిపించదు. కొందరు తమను తాము శిక్షించుకుంటారు. చాలామందిని అడిగితే ఏ కారణమూ స్పష్టంగా చెప్పలేరు. అలాగని తేలిగ్గా తీసుకోవడానికీ లేదు. ఆత్మహత్య ముప్పును సూచించే వాటిలో గతంలో జరిగిన ప్రయత్నం అతి ముఖ్యమైనదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దగ్గర మాత్రం రెండే మాటలు వినిపిస్తాయి. ‘పరువు తీసింది’, లేదా ‘డ్రామా’. మొదటిది ఇంట్లో, రెండోది క్యాజువాలిటీలో. ‘అటెన్షన్ కోసం చేసింది’ అనే మాట చదువుకున్న మా నోళ్లలోనే ఎక్కువ. గుండెనొప్పితో వచ్చినవాడు కూడా మన అటెన్షన్ కోసమే వస్తాడు. అతన్ని మనం ఎగతాళి చేయం.

కుటుంబాలు అబద్ధం చెప్పడానికి పోలీసు భయమూ ఒక కారణం. ఒకప్పుడు మన పత్రికల్లో ‘కడుపునొప్పి తాళలేక’ అన్న వార్తలు ఎన్ని చదివామో లెక్కలేదు. ఆ కడుపునొప్పి వెనక ఏముందో ఊరందరికీ తెలుసు, కాగితం మీదకు మాత్రం రాదు. భారత శిక్షాస్మృతి 309వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యాయత్నం నేరంగా ఉండేది, ఏడాది దాకా జైలు. 1994లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, 1996లో రాజ్యాంగ ధర్మాసనం మళ్లీ నిలబెట్టింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్‌తో అసలు మార్పు వచ్చింది. అలా ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, కాదని రుజువైతే తప్ప విచారించి శిక్షించరాదనీ చెప్పింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 309 లేదు. ప్రభుత్వోద్యోగి మీద ఒత్తిడి తేవడానికి చేసే ప్రయత్నం మాత్రం 226వ సెక్షన్‌గా నేరమై మిగిలింది.

మా డాక్టర్లలో చాలామంది 115వ సెక్షన్‌లో మొదటి సగమే చదివారు. రెండో సగం నా దృష్టిలో ఇంకా పెద్దది. అలాంటి వ్యక్తికి చికిత్స, పునరావాసం అందించి, మళ్లీ జరిగే ప్రమాదాన్ని తగ్గించడం ప్రభుత్వ బాధ్యత అంటుంది అది. అంటే ఆ గురువారం ఇప్పుడు సిస్టరమ్మ మంచితనం మీద ఆధారపడిన విషయం కాదు, చట్టం. పోలీసులకు తెలపాల్సిన కేసులు రాసే ఎం.ఎల్.సి. రిజిస్టరును అంగుళం ఖాళీ లేకుండా నింపే ఆసుపత్రిలో ఈ బాధ్యత రాసుకునే కాలమ్ ఎక్కడుందని అడుగుతున్నాను.

సిస్టరమ్మ చేసిన పని ఎక్కడో శాన్ ఫ్రాన్సిస్కోలో ఇంకొకాయన కూడా చేశాడని చాలా ఏళ్ల తర్వాత చదివాను. జెరోమ్ మోటో అనే మానసిక వైద్యుడు ఆసుపత్రి నుంచి వెళ్లాక చికిత్స వద్దన్న 843 మందిని తీసుకుని, సగం మందికి అయిదేళ్లపాటు చిన్న చిన్న ఉత్తరాలు పంపాడు. అందులో సలహాల్లేవు, రమ్మనడం లేదు. బాగున్నారని ఆశిస్తున్నాం, రాయాలనిపిస్తే సంతోషం, అంతే. మొదటి రెండేళ్లలో ఉత్తరాలు అందుకున్న వాళ్లలో ఆత్మహత్యలు తక్కువగా కనిపించాయి.

అది అమెరికా సంగతి అంటారా? మన పక్కనే చెన్నై ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాల్లో చేయించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో చెన్నై ఒక కేంద్రం. 1986లో ఆత్మహత్యల నివారణకు స్నేహ సంస్థను స్థాపించిన డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ అందులో పాలుపంచుకున్నారు. ఆత్మహత్యాయత్నం చేసి అత్యవసర విభాగాలకు వచ్చిన 1,867 మందిలో కొందరికి మామూలు చికిత్స చేశారు. మిగిలినవారితో డిశ్చార్జికి ముందు గంటసేపు విడిగా మాట్లాడి, తర్వాత 18 నెలల్లో 9 సార్లు ఫోన్ చేశారు, లేదా ఇంటికెళ్లారు. మామూలు చికిత్స పొందినవాళ్లలో 2.2 శాతం ఆత్మహత్యతో చనిపోతే, పలకరింపు అందిన వాళ్లలో అది 0.2 శాతం. తర్వాత వచ్చిన పరిశోధనలన్నీ ఇంత బలంగా లేవన్న మాట నిజమే. అయినా దీనికి స్కానింగ్ యంత్రం అక్కర్లేదు, కొత్త భవనం అక్కర్లేదు. ఫోనూ, దాన్ని చేసే మనిషీ కావాలి. మనం మొదటిది కొంటాం, రెండోది మంజూరు చేయం.

బ్రిటన్‌లో నైస్ సంస్థ తమను తాము గాయపరచుకునేవాళ్ల చికిత్స గురించి 2022 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో నన్ను ఆపేసిన మాటలు రెండు. మొదటిది, మార్కులేసే ప్రశ్నావళులతో ఎవరికి ఎంత ముప్పుందో జోస్యం చెప్పొద్దన్నారు. ఆ మార్కులను బట్టి చికిత్స ఇవ్వాలో వద్దో తేల్చొద్దన్నారు. రెండోది, శిక్షలాంటి చికిత్స వద్దన్నారు. 2022లో ఆ మాట రాయాల్సి వచ్చిందంటే మత్తు లేకుండా కుట్టమన్న డ్యూటీ డాక్టర్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారన్నమాట.

దాచుకోవడం మన దగ్గరే కాదు. మార్షా లినెహన్ అమెరికన్ మనస్తత్వవేత్త. తమను తాము గాయపరచుకునేవాళ్ల కోసం డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అనే చికిత్సను రూపొందించింది ఆవిడే. 2011లో, పదిహేడేళ్ల వయసులో తాను చేరిన ఆసుపత్రికే వెళ్లి, ఇక్కడ తనను తాను గాయపరచుకున్న రోగిని నేనే అని అందరి ముందూ చెప్పారు. అప్పటికి ఆవిడ చికిత్సను ప్రపంచమంతా వాడుతోంది. ఆ మాట చెప్పడానికి ఆవిడకే అన్నేళ్లు పడితే, పెళ్లి సంబంధాల భయంతో వణికే మన పల్లెటూరి తల్లిని అబద్ధం ఎందుకు చెప్పావని ఎలా అడగను?

విద్యార్థుల గురించి ఒక్కమాట. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకంటే ఎక్కువమంది చదివే ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలరు ఉండాలి. మంచిదే. కానీ హాస్టల్లో మార్కుల లిస్టు పట్టుకుని తిరిగే ఆయన్నే కౌన్సెలరు కుర్చీలో కూర్చోబెడితే ఏ పిల్లా ఆ గది తలుపు తట్టదు.

ముందు వరసల్లో కూర్చున్న నర్సింగ్ విద్యార్థినులతో రెండు మాటలు. డ్రెస్సింగ్ రూములో మీరే ఎక్కువసేపు ఉంటారు, మేం ఉండం. చావాలన్న ఆలోచన వస్తోందా అని నేరుగా అడగొచ్చు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదు. ‘కాస్త కష్టం ఎక్కువైతే ముందు ఎవరికి చెబుతావు?’ అని అడిగి, ఆ పేరూ ఫోన్ నంబరూ ఆ పిల్ల చేతే రాయించండి. ఇంట్లో పురుగుమందు డబ్బాలూ మాత్రలూ చేతికందకుండా తాళం వేయమని ఇంటివాళ్లకు చెప్పండి, నింద ధ్వనించకుండా. ఆసుపత్రి అధికారులను నేను అడిగేది ఒకటే: డిశ్చార్జి షీటులో మందుల కింద ఒక గీత గీయించండి. ‘ఫోన్ చేసే తేదీ, చేసే మనిషి పేరు.’

సిస్టరమ్మ నోటుపుస్తకం ఆవిడ పిల్లలు నాకు చూపించారు. పేర్లు చెప్పను. ఆ పదిహేడేళ్ల పిల్ల పేరు ఎదురుగా పదకొండు గురువారాలున్నాయి.

ఈ హాల్లో కూర్చున్నవాళ్లలోనో, రేపు ఈ ప్రసంగం అచ్చులో చదివేవాళ్లలోనో ఎవరికైనా ఈ బాధ సొంతదై ఉండొచ్చు. 2022 అక్టోబరు నుంచి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నడుస్తోంది. నంబరు 14416. డబ్బు ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రాణం మీదికొస్తే 108 అంబులెన్సు. నంబరు నొక్కే ఓపిక కూడా లేకపోతే ఫోన్ పక్కవాళ్ల చేతికిచ్చి చేయమనండి.