వైరు కాల్చొద్దక్కా
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)

పొద్దున్నుంచి పొదుపు, అప్పు, వడ్డీ గురించి విన్నారు. నాకిచ్చిన పది నిమిషాల్లో చెత్త గురించి మాట్లాడతా. నవ్వకండి, ఈ చెత్త మన బీరువాల్లోనే ఉంది. పాడైన సెల్‌ఫోను, ఛార్జరు, రిమోటు, మిక్సీ, అటక మీది డబ్బా టీవీ, తోటలో కాలిపోయిన మోటారు స్టార్టరు... వీటినే ఈ-చెత్త అంటారు. 2022లో ప్రపంచమంతటా 6.2 కోట్ల టన్నులు పోగైతే, పద్ధతిగా సేకరించింది అందులో నాలుగో వంతు కూడా లేదు.

మా సంఘంలో ఒక చెల్లెలుంది. పేరు చెప్పను. ఆమెను అడిగే ఈ సంగతి చెబుతున్నా. సంఘం అప్పుతో మొగుడూ పెళ్ళాం గుజరీ సామాను కొని అమ్ముతారు. ఒక్క కంతు తప్పలేదు. సాయంత్రమైతే చెరువు కట్ట కింద వైర్లు కుప్పేసి, రాగి కోసం కాల్చేవాళ్ళు. ఆ పొగకు పసిబిడ్డ దగ్గుతోందని పక్కింటామె సంఘంలో గొడవ పెట్టింది. అప్పు వెనక్కి కట్టించుకోవాలని కొందరన్నారు. నేనూ మొదట అదే అన్నా, దాచేదేముంది. అప్పుడామె, "కాల్చకుంటే ఎట్లక్కా? దినమంతా గీక్కుంటా కూచుంటే నా పిల్లోళ్ళకు అన్నం ఎవరు పెడతారు?" అనింది. మాకెవరికీ నోట మాట రాలేదు.

తర్వాత అడిగి, చదివి తెలుసుకున్నా. వైరు మీది తొడుగు పీవీసీ. దాంట్లో క్లోరిన్ ఉంటుంది. రాగితో పాటు దాన్ని కాలిస్తే డయాక్సిన్లనే విషం పుడుతుంది. పొగ పోయినా అది పోదు. గడ్డి మీద పడుతుంది, ఆ గడ్డి ఆవు తింటుంది, కొవ్వులో నిలిచి పాలలోకి వస్తుంది. తల్లిపాలలోకీ వస్తుంది. కట్ట కింద మంట పెడితే మన పాల క్యానులో తేలుతుందన్నమాట.

ఇంక సీసం. పాత సర్క్యూట్ బోర్డుల అతుకుల్లో, డబ్బా టీవీ గాజులో ఉంటుంది. నోట్లోకి పోయిన సీసాన్ని పసిపిల్లల ఒళ్ళు పెద్దవాళ్ళకంటే నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మెదడు ఎదగదు, చదువు తలకెక్కదు. కడుపుతో ఉన్నామె నుంచి బిడ్డకూ చేరుతుంది. చెత్త ఏరి బతికే పనుల్లో ప్రపంచంలో 1.29 కోట్ల మంది దాకా ఆడవాళ్ళున్నారని, ఈ విషాలు వాళ్ళకు తగిలే ప్రమాదముందని 2021లో ఆ సంస్థే చెప్పింది. మన చెల్లెలు ఒక్కతే కాదు.

ఆమెతో కూర్చుని లెక్క వేశాం. కాలి నల్లబడిన రాగికి ధర తక్కువ. కత్తితో గీకి తీసిన మెరిసే రాగికి ఎక్కువ. లావు వైర్లు గీకితే ఆమెకే లాభం. సన్న వైర్లు గీకితే కూలి గిట్టదు, అది నిజమే. వాటినీ బోర్డులనూ కాల్చకుండా, పగలగొట్టకుండా అట్లే మూట కట్టి ఇవ్వాలి.

ఎవరికి? శిర, తుమకూరు దాటి బెంగళూరు దారిలో దాబస్‌పేట దగ్గర 'ఈ-పరిసర' అని కర్మాగారముంది. ప్రభుత్వ అనుమతితో 2005లో మొదలైంది, దేశంలో ఇట్లాంటిది అదే మొదటిది. పరిసర అంటే ఏందో అమరాపురం వాళ్ళకు చెప్పాల్సిన పని లేదు, సగం కన్నడం మనదే. రెండు ఫోన్లు పట్టుకుని అంత దూరం ఎవరూ పోలేరు. ఊళ్ళన్నీ కలిపి ఒక బండెడు చేస్తే, వచ్చి తీసుకుపోతారా అని వాళ్ళనో, అనుమతి ఉన్న ఇంకొకరినో అడగొచ్చు. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త నియమాలొచ్చాయి. 106 రకాల సామాన్లకు, పాడైన వాటిని రీసైకిల్ చేయించే బాధ్యత తయారుచేసిన కంపెనీదే. కొత్త ఫోను కొనేటప్పుడు "పాతది తీసుకుంటారా?" అని అంగట్లో అడగండి. లేదంటే లేదంటారు, అడగడానికి సిగ్గెందుకు?

ఇంట్లో కొన్ని జాగ్రత్తలు. ఉబ్బిన ఫోను బ్యాటరీని గుచ్చొద్దు, నొక్కొద్దు, ఛార్జింగు పెట్టొద్దు. మంట లేచిపోతుంది. మెలికల సీఎఫ్‌ఎల్ బల్బులో పాదరసముంటుంది. పగిలితే చీపురు పట్టకండి. కిటికీలు తీసి, పిల్లల్ని బయటికి పంపి, కాసేపాగి గట్టి అట్టముక్కతో ఎత్తి, తడిగుడ్డతో తుడిచి, అన్నీ మూతున్న సీసాలో వేయండి. ఫోను ఇచ్చేముందు సిమ్ము, మెమరీ కార్డు తీసి, లోపలివన్నీ చెరిపించండి. ఆధార్ ఫొటో, బ్యాంకు మెసేజులు అన్నీ అందులోనే కదా!

ఆ చెల్లెలి అప్పు మేం వెనక్కి అడగలేదు. నాలుగు నెలలుగా మంట పెట్టలేదు. సన్న వైర్లు, బోర్డులు మూడు మూటలై మా పశువుల కొట్టంలో ఉన్నాయి. అక్కడ పెట్టొద్దని మా అత్త రోజూ తిడుతోంది. సమాఖ్య ఆఫీసులో వాన కారని మూల ఒకటి, తాళం వేసుకునేటట్టు ఇవ్వమని ఈ సభను అడుగుతున్నా. మూడు మూటలూ రేపే తెచ్చి పెడతా.