జిలెటిన్‌లో జిలెటిన్ లేదు! మన క్వారీ మందు అసలు కథ

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా మన జగ్గయ్యపేట, నందిగామ వైపు వాళ్ల కోసం. సైరన్ మోగుతుంది, కాసేపటికి కాళ్ల కింద నేల గుమ్మని అదురుతుంది, వంటింట్లో గిన్నెలు గలగలమంటాయి. క్వారీల పక్క ఊళ్లకి ఇది అలవాటే. జయంతిపురం రామ్‌కో, ముక్త్యాల కేసీపీ ఫ్యాక్టరీలకి సున్నపురాయి కావాలి. పరిటాల, దొనబండ క్రషర్లకి కంకర రాయి కావాలి. ఇంత రాయి మందు పెట్టకుండా ఊడిరాదు.

ఆ మందు పేరేంటి అంటే అందరూ 'జిలెటిన్' అనే చెప్తారు. పేపర్లో కూడా అదే హెడ్డింగ్, 'జిలెటిన్ స్టిక్స్ పట్టివేత' అని. కానీ అసలు జిలెటిన్ నైట్రోగ్లిజరిన్‌తో చేసేది. అలాంటివన్నీ మన దేశంలో 2004 ఏప్రిల్ 1 నుంచి నిషేధం. ఇప్పుడు పేరొక్కటే మిగిలింది.

కాస్త వెనక్కి వెళ్దాం. ఒకప్పుడు రాయి పేల్చడానికి ఉన్నది నల్లమందు ఒక్కటే, అంటే సూరేకారం, గంధకం, బొగ్గు. 1847లో ఇటలీలో సొబ్రెరో నైట్రోగ్లిజరిన్ తయారుచేశాడు. గట్టిగా కుదిపితే చాలు, పేలిపోయే ద్రవం అది. 1864లో స్టాక్‌హోమ్‌లో నోబెల్ వాళ్ల షెడ్డు పేలి ఆల్‌ఫ్రెడ్ తమ్ముడు ఎమిల్ చనిపోయాడు. 1867లో ఆ ద్రవాన్ని ఒక రకం మట్టిలో ఇంకించి డైనమైట్ తెచ్చాడు నోబెల్. ఇదంతా స్కూల్లో చెప్పేదే. ఎక్కువగా చెప్పనిది, నా లెక్కలో ఇంకా పెద్దది, ఆయన తెచ్చిన డిటొనేటర్. ముందు ఓ చిన్న గొట్టం పేలుతుంది, ఆ దెబ్బకి అసలు మందు పేలుతుంది.

దీనివల్ల ఏమైందంటే, అసలు మందుని ఎంత మొద్దుగా చేసినా పర్లేదు. అందుకే ఇప్పుడు అమ్మోనియం నైట్రేట్ వాడుతున్నారు. ఎరువుల జాతిదే. దాని ద్రావణాన్ని నూనెతో కలిపి చిలికితే వెన్నముద్దలాంటి ఎమల్షన్ వస్తుంది. ఇప్పుడు మనం 'జిలెటిన్' అనే కడ్డీల్లో ఎక్కువగా ఉండేది ఇలాంటిదే. మొద్దు అన్నాను కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. 2020లో బేరూత్ ఓడరేవుని నేలమట్టం చేసింది గోడౌన్లో పడేసిన 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేటే.

అన్నట్టు, హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఐడీఎల్ చెరువు ఉంది కదా, గణేశ్ నిమజ్జనాలు జరిగేది. ఐడీఎల్ అంటే ఇండియన్ డిటొనేటర్స్ లిమిటెడ్. 1961లో మొదలైన కంపెనీ.

మరి గోడలు ఎందుకు బీటలిస్తాయి? మనకి ఒక్కటే 'ఢాం' వినిపిస్తుంది గానీ, బోర్లన్నీ ఒకేసారి పేలవు. ఒక్కో బోరుకీ మధ్య కొన్ని మిల్లీసెకన్ల తేడా పెడతారు. తేడా సరిగ్గా పెడితే రాయి ముక్కలవుతుంది, నేల అదురు తగ్గుతుంది. ఖర్చు తగ్గించుకుందామని ఎక్కువ మందు ఒకేసారి పేలిస్తే, ఆ అదురు మన గోడలదాకా వస్తుంది. మీ ఊళ్లో బీటలు పెరుగుతుంటే, రోజూ బ్లాస్టింగ్ టైమ్ రాసిపెట్టుకోండి, తేదీ పడేలా ఫొటోలు తీసుకోండి. గనుల శాఖకి ఫిర్యాదు చేసేటప్పుడు పనికొస్తాయి.

చివరిగా ప్రాణాల సంగతి. 2021 మే 8న కడప జిల్లా మామిళ్లపల్లె ముగ్గురాయి గని దగ్గర జిలెటిన్ స్టిక్స్ దించుతుంటే పేలి పది మంది కార్మికులు చనిపోయారు. లోపల మందు ఎంత మొద్దుబారినా డిటొనేటర్ మాత్రం మొద్దుబారలేదు. నిప్పు, దెబ్బ, కరెంటు, ఏది తగిలినా చాలు దానికి. అందుకే మందునీ, దాన్నీ వేరువేరుగా దాచాలని రూలు.

ఎలక్ట్రిక్ డిటొనేటర్లని 2025 ఏప్రిల్ 1 నుంచి నిషేధించారు. కానీ పాత క్వారీల్లో పేలకుండా మిగిలినవి ఉండొచ్చు. వేలంత పొడుగు, మెరిసే గొట్టం, చివర రెండు వైర్లు. మేకలు కాసే పిల్లలకి అది ఆటవస్తువులా కనిపిస్తుంది. కనిపిస్తే ముట్టుకోవద్దు, వైరు లాగొద్దు, అక్కడ నిలబడి వీడియో తీయొద్దు. రేడియో తరంగాలతో కూడా ఆ వైర్లలో కరెంటు పుట్టొచ్చు. బాగా దూరం వెళ్లాకే ఫోన్ తీసి 112కి చెప్పండి. పోలీసులు వచ్చేదాకా ఇంకో పిల్లాడు అటు వెళ్లకుండా చూడండి.