గుడిబండ రాకుమారుడు

 కాసేపట్లో పట్టాలు అందుకోబోతున్న మీ అందరికీ మనసారా అభినందనలు.

మీలో చాలామంది పాలకీడు, నేరేడుచర్ల, గరిడేపల్లి, హుజూర్‌నగర్ చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సెక్కి వచ్చి చదువుకున్నవాళ్లు. రేపు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగానికి వెళితే మీది ఏ ఊరని అడుగుతారు. జాన్‌పహాడ్ దర్గా తెలుసా, కృష్ణలో మూసీ కలిసే వాడపల్లి తెలుసా అని గుర్తులు చెప్పుకోవాల్సి వస్తుంది. వాటితో పాటు ఇంకో గుర్తు కూడా చెప్పండి. సినిమా నటుడు కత్తి కాంతారావు మా వైపు మనిషే అనండి. ఇవాళ ఆయన గురించి మాట్లాడాలనే వచ్చాను.

ఆయన పూర్తి పేరు తాడేపల్లి లక్ష్మీకాంతారావు. కోదాడ దగ్గర గుడిబండలో 1923 నవంబర్ 16న పుట్టారు. అప్పటికి ఇదంతా నిజాం ఏలుబడిలోని నల్లగొండ జిల్లా. సాగర్ కాలువ ఊసే లేదు. సినిమా అంటే మద్రాసు. అక్కడ మన యాసవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా లేరు. నాటకాల మీది మక్కువ ఆయన్ని అంత దూరం తీసుకెళ్లింది. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ను 1932లో తెరకెక్కించిన హెచ్.ఎం.రెడ్డి గారే ఈయనకూ దారి చూపించారు. 1951లో ‘నిర్దోషి’లో చిన్న వేషం దక్కింది. 1953లో ‘ప్రతిజ్ఞ’లో కథానాయకుడయ్యారు. అదే సినిమాతో రాజనాల ప్రతినాయకుడిగా తెరకు వచ్చారు. అప్పుడే అడుగుపెట్టిన వీరుడు, అప్పుడే అడుగుపెట్టిన విలన్. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ ఇద్దరూ ఎదురెదురుగా కత్తులు దూస్తూనే ఉన్నారు.

కత్తియుద్ధం చూసేవాళ్లకు ఒంటరి పరాక్రమంలా కనిపిస్తుంది గానీ, అది ఇద్దరు కలిసి చేయాల్సిన పని. అవతలివాడి అడుగు, మణికట్టు, ఊపిరి తెలియకపోతే దెబ్బ తగిలేది అతనికే. మెట్ల మీద వెనక్కి నడుస్తూ, బరువైన కిరీటం జారకుండా, ముఖంలో కోపం తగ్గకుండా కత్తి తిప్పాలి. మాటలు చెబుతూ తిప్పాలి. జానపద బ్రహ్మ అనిపించుకున్న విఠలాచార్య గారి సినిమాల్లో కాంతారావు ఈ పని ఎంత సునాయాసంగా చేశారంటే, జనం కత్తినే ఆయన ఇంటిపేరు చేశారు. ‘జయవిజయ’, ‘కనకదుర్గ పూజామహిమ’, ‘మదనకామరాజు కథ’, ‘జ్వాలాద్వీప రహస్యం’ ఆ వరుసలోవే. విఠలాచార్య పొదుపు మనిషి. తక్కువ ఖర్చు, తక్కువ రోజులు, ఉన్న సెట్టునే రంగు మార్చి మళ్లీ వాడుకోవడం ఆయన పద్ధతి. అలాంటి చోట నటుడు పని తెలిసినవాడై ఉండాలి. పల్లెల్లో డేరా టాకీసులను నిలబెట్టినవి, నేల టికెట్టు జనానికి రెండున్నర గంటలు కష్టం మరిపించినవి ఆ సినిమాలే. వాటిని చిన్నచూపు చూసే విమర్శకులతో నేను ఏకీభవించను.

అయితే మీకు చెప్పాలనుకున్న అసలు సంగతి ఇంకొకటి ఉంది. 1963 సంవత్సరం చూడండి. ఆ ఏడాది ‘గురువును మించిన శిష్యుడు’లో ఆయన కథానాయకుడు. ‘శ్రీకృష్ణార్జున యుద్ధం’లో నారదుడు. ‘లవకుశ’లో లక్ష్మణుడు. ‘నర్తనశాల’లో కృష్ణుడు. ఒక్క ఏడాదిలో ఇన్ని వేషాలు. పేరొచ్చిన కథానాయకుడు తంబుర పట్టుకుని నారదుడిగా నిలబడటానికి ఎందుకు ఒప్పుకోవాలి? ఒప్పుకున్నారు. ‘సీతారామకల్యాణం’లోనూ, తర్వాత 1966లో ‘శ్రీకృష్ణ తులాభారం’లోనూ ఆయనే నారదుడు.

‘నర్తనశాల’ దగ్గర ఇంకాస్త ఆగుదాం. 1957లో ‘మాయాబజార్’ వచ్చాక తెలుగువాళ్లకు కృష్ణుడంటే ఎన్టీఆరే. పూజగదిలో పటాలు కూడా ఆ రూపానికే అలవాటు పడ్డాయి. అలాంటి ఎన్టీఆర్ ‘నర్తనశాల’లో అర్జునుడు, బృహన్నల. ఆయన ఎదుట నెమలిపింఛం పెట్టుకుని కృష్ణుడిగా నిలబడాల్సింది కాంతారావు. అనుకరిస్తే తేలిపోతారు. పోటీకి దిగితే సన్నివేశం చెడుతుంది. ఆయన ఆ రెండూ చేయలేదు. చిరునవ్వు పెదవి దాటనివ్వకుండా, చూపులో చనువు ఉంచి, మాట నెమ్మదిగా పలికి తన కృష్ణుణ్ని తాను చేసుకున్నారు. రెండేళ్లకు ‘పాండవ వనవాసం’లో ఎన్టీఆర్ భీముడైతే, మళ్లీ ఈయనే కృష్ణుడు.

‘లవకుశ’ సంగతి ఇంకా కష్టమైనది. డబ్బు అందక ఆ సినిమా నిర్మాణం మధ్యలో కొన్నేళ్లు ఆగిపోయింది. మొదలుపెట్టిన సి.పుల్లయ్య గారి బాధ్యతను కొడుకు సి.ఎస్.రావు అందుకుని పూర్తి చేశారు. అంతకాలం తర్వాత మళ్లీ అదే లక్ష్మణుడిలోకి, అదే దుఃఖంలోకి వెళ్లాలి. వదినను అడవికి తీసుకెళ్లి, అన్న ఆజ్ఞ చెప్పలేక చెప్పే ఘట్టం గుర్తుచేసుకోండి. సీతగా నటించిన అంజలీదేవి గారి ముఖం మీదే మన కళ్లుంటాయి, ఉండాలి కూడా. పక్కన తల దించుకుని నిలబడ్డ మనిషి ఒక్క పిసరు ఎక్కువ నటించినా ఆమె బాధ చెదిరిపోతుంది. ఆయన భుజాలు వంచి, గొంతు తగ్గించి, ఆ ఘట్టాన్ని ఆమెకు అప్పగించారు. ‘రక్తసంబంధం’లోనూ అంతే. అన్నాచెల్లెళ్లుగా ఎన్టీఆర్, సావిత్రి జనాన్ని ఏడిపిస్తుంటే, ఆ ఇద్దరి మధ్య భర్త పాత్రలో నిలబడటం తేలిక కాదు.

మిత్రులారా, మీలో ఎక్కువమందికి మొదటి ఉద్యోగంలో దొరికేది రెండో స్థానమే. ఇంకొకరి పేరు మీద వెళ్లే నివేదిక మీరు రాస్తారు. పెద్ద డాక్టరు పక్కన నర్సుగా, పెద్ద ఇంజనీరు కింద సైటు మీద నిలబడతారు. అది అవమానమని ఎవరైనా అంటే నమ్మకండి. రెండో స్థానంలో నిలబడి ఆ ఘట్టం మొత్తాన్ని నిలబెట్టడం ఒక విద్య. కాంతారావు గారు అందులో గొప్ప పండితుడు.

ఆయన జీవితంలో బాధపడాల్సిన భాగమూ ఉంది. దాన్ని దాచిపెట్టి పొగిడితే మీకు అన్యాయం చేసినట్టే. భార్య హైమావతి గారి పేరు మీద హైమా ఫిలింస్ పెట్టి, 1969లో ‘సప్తస్వరాలు’ మొదలుకుని కొన్ని సినిమాలు సొంతంగా తీశారు. అవి కలిసిరాలేదు. అప్పటికే జానపదాల కాలం వెనకబడుతోంది, సాంఘికాలదే పైచేయి అవుతోంది. సంపాదించినది చాలావరకు అందులోనే కరిగిపోయింది. నటనలో ఆరితేరిన మనిషికి పెట్టుబడి లెక్కలు కూడా అలాగే చేతికొస్తాయన్న భరోసా లేదు. మీలో వ్యాపారం పెట్టాలనుకునేవాళ్లు ఆయన సినిమాలతో పాటు ఈ అధ్యాయం కూడా చదవండి.

తర్వాత ఆయన చేసిన పని నాకు మరీ ఇష్టం. రాకుమారుడిగా గుర్రమెక్కిన మనిషి చిన్న వేషాలకు దిగారు. టీవీ సీరియళ్లు వచ్చాక వాటిలో ముసలి తాతగా కూడా కనిపించారు. కూలబడలేదు. మేకప్ వేసుకుని సెట్టుకు వెళ్లారు. దాదాపు 400 సినిమాలు చేసి, రఘుపతి వెంకయ్య పురస్కారం అందుకుని, 2009 మార్చి 22న హైదరాబాదులో కన్నుమూశారు.

ఈ నేల మీది మరో మనిషినీ తలుచుకోవాలి. తుంగతుర్తిలో పుట్టిన డాక్టర్ ఎం.ప్రభాకర్ రెడ్డి ఉస్మానియాలో వైద్యం చదివి, 1960లో ‘చివరకు మిగిలేది’తో నటుడయ్యారు. కథలు రాశారు, సినిమాలు నిర్మించారు. పదెకరాలు సినీ కార్మికుల ఇళ్లకు ఇచ్చేశారు. మణికొండ వైపు చిత్రపురి కాలనీ ఇవాళ ఆయన పేరుతోనే ఉంది. లైట్లు మోసేవాళ్లు, మేకప్ వేసేవాళ్లు అక్కడ సొంత గూడు చేసుకున్నారు.

మీ నుంచి నాకు ఒక పని కావాలి. మీ ఊళ్లలో డెబ్భై, ఎనభై దాటిన పెద్దవాళ్లు కాంతారావు సినిమాలను మొదటిసారి విడుదలైనప్పుడే చూశారు. తాతయ్యను, అమ్మమ్మను అడగండి. ఏ టాకీసులో చూశారు, ఎడ్లబండి కట్టుకుని వెళ్లారా, నేల టికెట్టు ఎంత, ఎక్కడ ఈల వేశారు అని అడగండి. మీ ఫోన్లోనే రికార్డు చేసి, మనిషి ఊరు, వయసు రాసిపెట్టి, కాలేజీ లైబ్రరీకి ఇవ్వండి. ప్రతి ఊరి నుంచి ఒక్కరు చేసినా సరిపోతుంది. వచ్చే సంక్రాంతి సెలవుల్లోనే మొదలుపెట్టండి. వాళ్లంతా ఆ రోజుల్లో ఇంటి దగ్గరే ఉంటారు.